రేగులపాటి తొలి పొయ్యి

కేదారరాశి పండితులకు ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగిన చోట ఆయన జవాబు చెప్పేవారు కాదు. ప్రశ్నను కొసదాకా వినేవారు. వినడంలో తొందర ఏమాత్రం ఉండేది కాదు. ఆ తర్వాత ఒళ్ళో పడ్డ గడ్డిపోచలు దులుపుకొని లేచి, "పద, కట్టెలు కొట్టుకొద్దాం" అనో, "ఏటిదాకా వెళ్ళొద్దాం రా" అనో బయలుదేరేవారు. ఆయన వెంట నడిచి కట్టెల మోపుతోపాటు జవాబు కూడా తెచ్చుకున్నవాళ్ళున్నారు. కట్టెల మోపు మాత్రమే తెచ్చుకుని, ఈయనకు ఏమీ తెలియదని గొణుక్కుంటూ మరో మఠానికి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. అలా వెళ్ళేవాళ్ళను ఆయన ఎన్నడూ ఆపలేదు. దారిలో తినడానికి అటుకులు మాత్రం కట్టి ఇప్పించేవారు.

గుండ్లకమ్మ ఒడ్డున తాటాకు కప్పిన ఆ మఠంలో ఆయన చెప్పేది పరమాణువుల శాస్త్రం. పొద్దున పూట కప్పులోని చిల్లు గుండా ఎండ ఏటవాలుగా దిగుతుంది. ఆ వెలుగులో తేలే నలుసును చూపించి పాఠం మొదలుపెట్టేవారు. మన కంటికి ఆనే వస్తువుల్లో అదే అన్నిటికంటే చిన్నది. కాని అది కూడా ఒంటరిది కాదు, మూడు జంటలు ఒక్కచోట చేరితే ఆ నలుసు. ఒంటరి పరమాణువు ఎవరికీ కనపడదు. రెండు కలిసి జంటకట్టినా కనపడవు. మూడు జంటలు కూడినప్పుడే వెలుగులోకి వస్తాయి. ప్రళయం వచ్చినప్పుడు కొండలూ ఏరులూ పశువులూ మనుషులూ అన్నీ విడిపోయి, తిరిగి ఒంటరి పరమాణువులు మిగులుతాయి. ఒకదాన్ని ఒకటి అంటుకోకుండా, పేరూ ఊరూ లేకుండా, చీకట్లో అలా పడి ఉంటాయి. ఎంతకాలమో ఎవరూ చెప్పలేరు. తర్వాత ఎప్పుడో రెండు కలుస్తాయి. ఆ కలయికతో మళ్ళీ లోకం మొదలవుతుంది.

"ఆ రెండింట్లో ముందు కదిలింది ఏది?" అని పోలయ అడిగేవాడు.

పోలయ ఆ మఠంలో శిష్యుడు, పాతికేళ్ళు నిండనివాడు. ఈ ఒక్క ప్రశ్నా అతను అడిగినన్ని సార్లు అక్కడ మరెవరూ మరే ప్రశ్నా అడగలేదు. ఈశ్వరుడి ఇచ్ఛ వల్ల కదిలిందని తోటివాళ్ళు చెప్పేవారు. "ఈశ్వరుడి ఇచ్ఛ ఎప్పుడూ ఉన్నదే కదా. నిన్నటిదాకా కదలనిది ఇవాళ ఎందుకు కదిలింది?" అని అతను ఎదురు అడిగేవాడు. కంటికి కనపడని కారణం ఒకటి ఉంది, దాన్నే శాస్త్రం అదృష్టం అంటుందని ఇంకొకరు చెబితే, "తెలియదు అని చెప్పడానికి అదొక మర్యాద మాట" అనేవాడు. అతని గొంతులో వాదంలో గెలిచే సరదా వినపడేది కాదు. కోపం వినపడేది. ఎవరి మీద కోపమో తెలియక తోటివాళ్ళు మెల్లగా పక్కకు తప్పుకునేవారు.

ఆ ప్రశ్న అతనికి తాటాకుల్లోంచి పుట్టింది కాదు. పోలయది రేగులపాడు. మఠానికి ఒక పూట నడక. ఆ ఊరి మీదికి చూస్తున్నట్టు నాగదుర్గం అనే కొండకోట ఉంటుంది. ఆ కోటకు గంగినాయకుడు దొర. కొన్నేళ్ళ కిందట, తొలకరి పడి నేల పదునెక్కిన రోజుల్లో, కోట గోడకు రాళ్ళు లాగడానికి ఊళ్ళో ఎడ్లన్నిటినీ పంపమని అతను కబురు పెట్టాడు. ఊరంతా చావడిలో చేరింది. అందరూ తలలు వంచుకుని కూర్చుంటే పోలయ తండ్రి మాచిరెడ్డి లేచాడు. "విత్తనం పడ్డాక పంపుదాం. అందాకా పంపం" అన్నాడు. ఆయన అన్నాక ఇంకొకరు అన్నారు. ఆ తర్వాత అందరూ అన్నారు. మర్నాడు గంగినాయకుడు బంట్లను వెంటేసుకుని వచ్చి అదే చావడిలో నిలబడ్డాడు. "మొదట కాదన్నవాడెవడు?" అని అడిగాడు. ఒక్కరూ నోరు విప్పలేదు. కాని చావడి నిండా ఉన్న తలలు, తమకే తెలియకుండా, ఒకే వైపుకు తిరిగాయి. అందులో పోలయ తల కూడా ఒకటి.

మాచిరెడ్డిని కొండ మీదికి తీసుకుపోయారు. ఆయన మళ్ళీ దిగలేదు. ఊరిని ఖాళీ చేయించి, గోడలు పడగొట్టించి, ఇళ్ళున్న నేలను గాడిదలతో దున్నించి ఆముదాలు చల్లించారు. ఈ పొలిమేరలో ఇక పొయ్యి వెలగకూడదని టముకు వేయించారు. జనం చుట్టాలున్న చోటికల్లా చెదిరిపోయారు. పోలయ తల్లి లక్కసాని తమ్ముడి ఇంటికి వెళ్ళింది. పోలయ మఠానికి వచ్చాడు. ఆనాడు కదలనివాళ్ళంతా ఎక్కడో ఒకచోట బతికే ఉన్నారు. ముందు కదిలిన మనిషి ఒక్కడే లేడు. అలాంటప్పుడు ఎవరైనా ముందు ఎందుకు కదలాలి? ఈ మాటను ఈ రూపంలో అతను ఎవరినీ అడగలేకపోయాడు. పరమాణువుల పేరు పెట్టి అడుగుతూ వచ్చాడు.

ఒకనాడు అతను గురువుగారి ముందు నిలబడి కాశీకి వెళ్ళడానికి సెలవు అడిగాడు. అక్కడైనా ఈ ప్రశ్నకు తెగువగా జవాబు చెప్పేవాళ్ళు ఉంటారేమో చూస్తానన్నాడు. అందులోని ఎత్తిపొడుపు కేదారరాశి గారికి అర్థం కాకపోలేదు.

"వెళ్దువుగాని," అన్నారు ఆయన. "నా మోకాళ్ళు పట్టేశాయి. కట్టు కట్టుకోవడానికి ఆముదపాకులు కావాలి. రేపు వెళ్ళి తెచ్చుకుందాం. ఆ తర్వాత నీ దారిన నువ్వు బయలుదేరు."

"ఆముదపు చెట్లు మన దొడ్లో ఉన్నాయి కదా అయ్యవారూ."

"ఇవి పురుగు కొట్టాయి. రేగులపాటిలో మంచి వెడల్పాకు దొరుకుతుందట."

ఊరు వదిలాక పోలయ ఆ దిక్కుకు తిరిగి కూడా చూడలేదు. మర్నాడు పొద్దున్నే గురువుగారు గోనె భుజాన వేసుకుని వాకిట్లో నిలబడి ఉంటే, మోకాళ్ళ నొప్పి మనిషిని అంత దూరం ఒంటరిగా పంపలేక వెంట నడిచాడు.

మధ్యాహ్నం అయ్యేసరికి పొలిమేర చేరారు. ఆముదం మనిషెత్తుకు మించి ఎదిగి ఉంది. వీధి ఏదో, దొడ్డి ఏదో, చావడి ఏదో ఆనవాలు పట్టడానికి లేదు. తన ఇల్లు ఎక్కడ ఉండేదో పోలయకు అంతు చిక్కలేదు. ఆ తడుములాటలో అతనికి పొగ వాసన తగిలింది. ఆకులు తప్పించుకుంటూ పోతే, నాలుగడుగుల జాగా శుభ్రం చేసుకుని, మూడు రాళ్ళ పొయ్యి మీద సంకటి కుండ పెట్టుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. అతను వెంటనే గుర్తుపట్టాడు. తమ పక్కింటి ముప్పమ్మ. వరసకు అత్త అవుతుంది. కాని ఆ రెండిళ్ళ మధ్య మాటలు పోయి చాలా కాలమైంది. లక్కసాని వేసిన సొరపాదు గోడ దాటి అవతలికి పాకింది. అవతల కాసిన కాయలు ఎవరివన్న దగ్గర వచ్చిన తగవు ఊరు పోయేదాకా తేలలేదు.

ముప్పమ్మ తల ఎత్తి చూసింది. ఆశ్చర్యపడ్డట్టు కనపడలేదు.

"లక్కసాని కొడుకువు కదూ. మీ అమ్మ ఉందా?"

"ఉంది అత్తా. మా మామ దగ్గర."

"ఉంటుందిలే. గట్టి మనిషి." తర్వాత ఆమె పండితుల వైపు తిరిగింది. "కూర్చోండి అయ్యవారూ. ఆ రాయి మీద వద్దు, అది నేను రోలుకని తెచ్చుకున్నాను. ఇటు కూర్చోండి."

పోలయ నిలబడే ఉన్నాడు. "ఇక్కడ పొయ్యి వెలిగించకూడదు కదా అత్తా."

"అవునంట."

"నువ్వు కూతురి దగ్గర ఉంటున్నావని విన్నాను."

"ఉన్నాను. మంచి పిల్ల. వేళకు ఇంత పెట్టేది, అల్లుడూ ఒక మాట అనేవాడు కాదు. కాని అక్కడ ఎసట్లో ఇంకో చెంబెడు నీళ్ళు పొయ్యాలన్నా ఒకళ్ళ మొహం చూడాలి. అది దాని పొయ్యి. నాది ఇక్కడుంది. అందుకని ఇక్కడికి వచ్చాను."

"బంట్లు ఊరుకుంటున్నారా?"

"ఎందుకు ఊరుకుంటారు? వచ్చి కూలగొడతారు. వాళ్ళ పని అది. వాళ్ళు పోయాక నేను మళ్ళీ పెట్టుకుంటాను. నా పని ఇది." ఆమె తెడ్డుతో సంకటి కలియబెట్టింది. "కాసేపట్లో వస్తారు. ఈలోగా తినగలిగితే తినండి."

తినే వ్యవధి లేకపోయింది. దుర్గం నుంచి నలుగురు బంట్లు దిగివచ్చారు. వాళ్ళ పెద్ద సింగన అనేవాడు, ఎండకు కమిలిపోయి, ఈ పనికి విసిగిపోయి ఉన్నట్టున్నాడు. "నిన్న చెప్పానా లేదా ముసలమ్మా?" అన్నాడు. "చెప్పావు నాయనా" అంది ముప్పమ్మ. అతను కాలితో కుండను తన్నాడు. సంకటి మట్టిపాలైంది. మిగతావాళ్ళు రాళ్ళను ఈటె కొనలతో పెకలించి తలా ఒక దిక్కుకు విసిరారు. అందులో ఒకటి దొర్లుకుంటూ వచ్చి పోలయ పాదాల దగ్గర ఆగింది.

ముప్పమ్మ లేచింది. బంట్లు ఇంకా అక్కడే నిలబడి ఉండగా, వాళ్ళు లేనట్టే నడిచి వెళ్ళి ఒక రాయి తెచ్చి పెట్టింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని లేచి రెండో రాయి తెచ్చి పెట్టింది. మూడో దాని కోసం పోలయ ముందుకు వచ్చి నిలబడింది. ఇయ్యమని అడగలేదు. వంగనూ లేదు. బహుశా ఆయాసం తీర్చుకోవడానికి ఆగిందేమో. కాని పోలయకు ఆ నిలబడడం తనను చూస్తున్నట్టే ఉంది. ఇన్నేళ్ళుగా తాను నేర్చుకున్న వాదాలన్నీ అతనికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఏదీ అక్కరకు రాలేదు. గురువుగారి కోసం చూశాడు. ఆయన అటు తిరిగి, చేతికందిన ఆముదపాకులు ఒక్కొక్కటే తుంచి గోనెలో వేసుకుంటున్నారు.

పోలయ వంగి రాయి ఎత్తాడు. అది ఇంకా కాలుతోంది. అరచేతులు చురుక్కుమన్నా వదలకుండా తీసుకెళ్ళి, మిగతా రెండింటికీ సరిగ్గా ఎడం చూసి, పొయ్యికి పెట్టాడు.

"నువ్వెవడివి?" అన్నాడు సింగన.

"రేగులపాటివాణ్ణి."

"ఆ పేరుతో ఊరు లేదు."

"నువ్వు నిలబడి ఉన్నది అందులోనే."

సింగన ఈటె తిరగేసి కర్రతో అతని భుజం మీద కొట్టాడు. పోలయ ముందుకు పడ్డాడు. పొయ్యి మీద పడకుండా పక్కకు ఒరిగాడు. రేపు వస్తామనీ, అప్పటికి ఇక్కడ కనపడితే కాళ్ళు విరుస్తామనీ చెప్పి బంట్లు వెళ్ళిపోయారు. పొయ్యిని మళ్ళీ కూల్చాలని ఆ పూటకు వాళ్ళకు తోచలేదు.

ముప్పమ్మ వచ్చి అతని భుజం నొక్కి చూసింది. "చెయ్యి లేస్తుందా?"

"లేస్తుంది."

"అయితే ఆ కుండ ఇటు తే."

మూటలో మిగిలిన జొన్నపిండితో ఆమె మళ్ళీ సంకటి చేసింది. ముగ్గురూ తిన్నారు. తిన్నాక పోలయ, తానూ ఇక్కడే ఉంటానని అన్నాడు. ఆ మాట తన నోటి నుంచి రావడం అతనికే కొత్తగా వినపడింది.

"ఉండు," అంది ముప్పమ్మ. "నా పొయ్యి మీద మాత్రం కాదు. మీ ఇల్లు అదిగో, ఆ వేపమొద్దు అవతల. రాళ్ళు ఏరుకుని నీది నువ్వు పెట్టుకో."

కేదారరాశి గారు గోనె మూతి కట్టి నెత్తికెత్తుకున్నారు. "కాశీకి ఎప్పుడు బయలుదేరతావు?" అని అడిగారు. "ఇప్పుడు కాదు అయ్యవారూ" అన్నాడు పోలయ. ఆయన సరేనని, మోకాళ్ళ నొప్పి సంగతి మరిచిపోయినవారిలా చకచకా నడిచి వెళ్ళిపోయారు.

మర్నాడు బంట్లు వచ్చి రెండు పొయ్యిలు కూల్చారు. పోలయ కాళ్ళు విరవలేదు కాని, వారం పాటు కుంటుకుంటూ నడిచేటట్టు చేశారు. అతను కుంటుకుంటూనే రాళ్ళు పేర్చాడు. కబురు తెలిసి లక్కసాని ఏడుస్తూ వచ్చింది, కొడుకును తీసుకుపోవడానికి. వచ్చి వేపమొద్దు దగ్గర నిలబడి, తాను కాపురానికి వచ్చిన చోట కొడుకు పేర్చిన మూడు రాళ్ళను చాలాసేపు చూసింది. "ఇలాగేనా పెట్టడం, గాలి ఎటు నుంచి వస్తుందో చూసుకోవద్దా" అంటూ వాటిని తనే సర్దింది. నిప్పు కావలసివచ్చింది. ముప్పమ్మ పొయ్యిలో ఉంది. లక్కసాని తాను వెళ్ళకుండా కొడుకును పంపింది.

"దాన్నే రమ్మను," అంది ముప్పమ్మ.

లక్కసాని చాలాసేపు రాలేదు. ఎట్టకేలకు పెంకుముక్క పట్టుకుని వచ్చి నిలబడింది. ముప్పమ్మ రెండు కణికలు అందులో వేసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వెనక్కి తిరగబోతూ లక్కసాని, "ఆ సొరకాయలు నావే" అంది. "అలాగే అనుకో" అంది ముప్పమ్మ.

తర్వాత కుమ్మరివాళ్ళ జంట ఒకటి వచ్చింది. వాళ్ళ వెనక ఇంకొకరు. పగలు ఆముదం నరికి జాగా చేసుకోవడం, బంట్లు వచ్చి కూల్చడం, వాళ్ళు వెళ్ళగానే పేర్చుకోవడం, ఇదే పనిగా జరిగింది. ఇటు చివర పొయ్యి తన్ని బంట్లు అటు చివరకు వెళ్ళేసరికి ఇటు చివర మళ్ళీ పొగ లేచేది. భయం ఎవరికీ పోలేదు. ఆకు కదిలినా ఉలిక్కిపడేవాళ్ళు. ఉలిక్కిపడి, మళ్ళీ పొయ్యి ఊదేవాళ్ళు. సింగన కొన్నాళ్ళకు తిట్టడం మానేశాడు. తిట్లు కూడా అయిపోతాయి కాబోలు. కింద జరుగుతున్నది కొండ మీద దొరకు చెప్పే ధైర్యం అతనికి లేదు. ఒక ముసలిదాన్ని వెళ్ళగొట్టలేకపోయానని ఎలా చెప్పుకుంటాడు? మొదట్లో చెప్పవలసిన అవసరమూ లేకపోయింది. ఒక పొయ్యి పొగ ఆముదపాకుల్లోనే చిక్కుకుని ఆగిపోయేది. రెండు పొయ్యిల పొగా అంతే. ఆరో పొయ్యి వెలిగిననాడు మాత్రం పొగలన్నీ ఒకదానిలో ఒకటి కలిసి, ఆకుల మీదికి లేచి, తెల్లగా నిలువునా నిలబడ్డాయి. పోలయ తల ఎత్తి చూసి, మూడు జంటల పాఠం గుర్తొచ్చి, ఎందుకో నవ్వుకున్నాడు. ఆ నవ్వు ముగిసీ ముగియకముందే దుర్గం మీద కొమ్ము ఊదిన చప్పుడు వినపడింది.

గంగినాయకుడు తానే గుర్రమెక్కి, రౌతుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. బంట్లు ఆముదాన్ని చదును చేసి దారి చేశారు. జనమంతా ఎవరి పొయ్యి ముందు వాళ్ళు నిలబడ్డారు. నాయకుడు ఒక్కొక్కరినీ చూశాడు. అరవలేదు. అలవాటైన పనిని మళ్ళీ చేయబోయే మనిషిలా నెమ్మదిగా మాట్లాడాడు.

"ఇక్కడ మొదట పొయ్యి పెట్టినవాడెవడు? వాణ్ణి అప్పగించండి. మిగతావాళ్ళు ఉండవచ్చు, ఇళ్ళు కట్టుకోవచ్చు. నేను మాట తప్పేవాణ్ణి కాదని మీకు తెలుసు."

పోలయ మెడ నరాలు బిగుసుకున్నాయి. తలలు ఎలా తిరుగుతాయో అతనికి తెలుసు. నోరు విప్పకుండానే, ద్రోహం తలపెట్టకుండానే ఎలా తిరుగుతాయో తెలుసు. అతను గుర్రం నోటి నురుగు మీద చూపు నిలిపి అలాగే నిలబడ్డాడు. ఎంతకూ నాయకుడి కళ్ళు ఏ ఒక్కరి మీదా ఆగకపోవడం చూసి అతనికి అర్థమైంది, ఈసారి ఒక్క తలా తిరగలేదని. కుమ్మరి తన పొయ్యిని చూస్తున్నాడు. లక్కసాని, మొగుణ్ణి తీసుకుపోయిన ఆ మనిషి మొహంలోకి రెప్పవేయకుండా చూస్తోంది. నేనే అని చెప్పడానికి పోలయ ఊపిరి తీసుకున్నాడు.

"నేను చెబుతాను దొరా," అంది ముప్పమ్మ.



"నేను వచ్చేసరికి ఇక్కడ బూడిద ఉంది."

"ఏ బూడిద?"

"పొయ్యి బూడిద. మూడు రాళ్ళ మధ్య ఉంది. వేలు పెట్టి చూస్తే ఇంకా వెచ్చగానే ఉంది. నాకంటే ముందు ఎవరో వండుకుని తిని వెళ్ళారు. చుట్టూ తిరిగి చూశాను, కేకేశాను. ఎవరూ కనపడలేదు. సరే, పొయ్యి వెచ్చగా ఉంది కదా అని నేనూ కుండ పెట్టాను."

"ఎవరది?"

"కనపడలేదని చెప్పాను కదా."

నాయకుడు లక్కసాని వైపు తిరిగాడు. "నేను వచ్చేసరికీ ఉంది" అందామె. కుమ్మరిని అడిగాడు. తాను వచ్చేసరికీ ఉందన్నాడు అతను. పోలయను అడిగాడు.

"నేను వచ్చేసరికీ ఉంది," అన్నాడు పోలయ. "మా నాయన ఆనాడు చావడిలో లేచేసరికి కూడా ఉండే ఉంటుంది."

ఆ రెండో మాట ఎందుకు అన్నాడో అతనికి తెలియదు. నాయకుడు అతన్ని తేరిపార చూశాడు. గుర్తుపట్టాడో లేదో తెలియదు. కత్తి పట్టినవాడికి ఒక మెడ చూపించాలి. అక్కడ చూపించడానికి మెడ లేదు, వెచ్చటి బూడిద మాత్రం ఉంది. అతను గుర్రాలను పొయ్యిల మీదుగా తోలించాడు. ఆరు పొయ్యిలూ, కుండలూ, కుమ్మరి అప్పుడే చేసి ఆరబెట్టుకున్న పచ్చి మూకుళ్ళూ అన్నీ డెక్కల కింద పడ్డాయి. కుమ్మరి భార్యకు కాలు నలిగింది. దుమ్ము లేచి ఎవరికి ఎవరూ కనపడలేదు. ఆ దుమ్ములోనే, గుర్రాలు ఇంకా పొలిమేర దాటకముందే, రాయికి రాయి తగిలిన చప్పుడు వినపడింది. ముప్పమ్మ తన పొయ్యి పేర్చుకుంటోంది. కాసేపటికి అటు పక్క నుంచీ అలాంటి చప్పుడే వచ్చింది. పొద్దు వాలేలోపు అందరూ మట్టి కలిసిన సంకటి తిన్నారు.

పంటల కాలంలో నాయకుడు ఇంకొకసారి వచ్చాడు. అప్పటికి పొయ్యిల మీద కప్పులు లేచాయి. గుర్రాలను తోలించడానికి వీధుల్లో జాగా లేకపోయింది. ఆ మీదట అతనికి ఉత్తరాన పోరు వచ్చింది. సేనకు జొన్నలు కావలసివచ్చాయి. లేని ఊరి నుంచి జొన్నలు అడగడం ఎలాగో తెలియక అతను మూడోసారి రాలేదు. ఆ పొలిమేరలో పొయ్యి వెలగకూడదన్న ఉత్తరువును మాత్రం ఎవరూ రద్దు చేయలేదు. రేగులపాడు దాని కిందనే పెరిగింది.

పోలయ ఒకరోజు ముప్పమ్మ ఆకుకూర తుంచుకుంటూ ఉంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు.

"అత్తా, నిజంగా బూడిద ఉందా?"

"ఉందని చెప్పాను కదా."

"అది దొరకు చెప్పావు. నాకు చెప్పు."

"దొరకు ఒక నిజం, నీకు ఇంకో నిజం నేను ఎక్కణ్ణుంచి తెచ్చేది?" అని ఆమె కాడలు ఒక పక్కకూ ఆకులు ఒక పక్కకూ వేస్తూ కూర్చుంది.

కొత్త జొన్నలు ఇంటికి వచ్చాక పోలయ ఒక బుట్టెడు నెత్తికెత్తుకుని మఠానికి వెళ్ళాడు. కేదారరాశి గారు పాకలో ఒక్కరే ఉన్నారు. అతను జరిగినదంతా చెప్పాడు. తండ్రి సంగతి కూడా, ఆనాడు చావడిలో తన తల ఎటు తిరిగిందో ఆ సంగతి కూడా, మొదటిసారి నోరు తెరిచి చెప్పాడు. ఆయన కొసదాకా విన్నారు.

"కాని ఆ బూడిద నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు అయ్యవారూ. ఆమెకు ముందు ఎవరో ఉంటే, వాళ్ళకు ముందు ఇంకెవరో ఉండాలి. ముందెవరూ లేకపోతే ఆమే మొదటిది కావాలి. రెండింట్లో ఏది?"

కేదారరాశి గారు బుట్టలోని జొన్నలు గుప్పెడు తీసుకుని అరచేతిలో వేసుకుని చూశారు. గింజ బాగా నిండిందని మెచ్చుకున్నారు.

"మొదట కదిలింది ఎవరో బయటపడితే, వాళ్ళను పట్టుకుపోవడానికి ఎవడో ఒకడు గుర్రమెక్కి వస్తాడు. ఆ సంగతి మీ ముప్పమ్మకు తెలిసింది," అన్నారు. "పరమాణువులకు మాత్రం తెలియదంటావా?"